పెద్దపేగు జ్ఞాపకం

ఫిబ్రవరి రెండవ మంగళవారం ఖతర్‌లో సెలవు. 2012 నుంచి ఆ రోజును జాతీయ క్రీడాదినంగా జరుపుతున్నారు. మంత్రులు మొదలుకొని బడిపిల్లల దాకా అందరూ దోహా కార్నిష్ వెంబడి నడుస్తారు, పరుగెత్తుతారు, సైకిళ్ళు తొక్కుతారు. మరునాడు మా వంటి వైద్యుల గదుల ముందు మోకాళ్ళు పట్టుకొని కూర్చున్నవారి వరుస కాస్త పొడుగ్గా ఉంటుంది. అటువంటి ఒక బుధవారం ఉదయం కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న నలభై ఏడేళ్ళ మనిషి నా ఎదుట కూర్చున్నాడు. ఆయనకు మోకాళ్ళ బాధ లేదు. ఏడాది క్రితం తొంభై నాలుగు కిలోలుండేవాడు. వారానికొకసారి వేసుకొనే ఇంజెక్షన్లతోనూ, రాత్రి అన్నం మానివేయడంతోనూ ఎనభై రెండుకు దిగాడు. అంతకుముందు ఆయన తోటి ఉద్యోగి ఒకరికి పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. ఆ భయంతోనే బరువు తగ్గించుకోవడం మొదలుపెట్టాడు.

"పన్నెండు కిలోలు తగ్గిన సార్. ఇంక ఆ భయం పోయినట్టేనా?" అని అడిగాడు.

పోయింది అని ఉంటే సంతోషంగా వెళ్ళేవాడు. నేను అనలేకపోయాను. పేగుకు జ్ఞాపకం ఉంటుందేమోనని గత పదిపదిహేనేళ్ళుగా కొందరు పరిశోధకులు అనుమానిస్తున్నారు. ఆ అనుమానానికి ఆధారాలేమిటో, అవి ఎంతవరకు నమ్మదగినవో, పది నిమిషాల సమయంలో ఒక రోగికి చెప్పడం కష్టం. ఆ రోజు చెప్పలేకపోయినది ఇక్కడ కొంత తీరికగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందుగా ప్రమాదం ఎంతో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నిటినీ పరిశీలించి, అధిక కొవ్వుకూ పదమూడు రకాల క్యాన్సర్లకూ సంబంధం ఉన్నదని తేల్చింది. వాటిలో పెద్దపేగు, పురీషనాళాల క్యాన్సర్ ఒకటి. మామూలు బరువున్నవారితో పోలిస్తే స్థూలకాయుల్లో దీని ప్రమాదం సుమారు 1.3 రెట్లు. ఇది వినడానికి పెద్దగా ఉంటుంది. అమెరికాలో ఒక మనిషి జీవితకాలంలో ఈ క్యాన్సర్ బారిన పడే అవకాశం నూటికి నాలుగు అనుకుంటే, 1.3 రెట్లంటే నూటికి అయిదు కన్నా కొంచెం ఎక్కువ. ఒక వ్యక్తికి ఇది భయంతో నిద్ర మానుకోవలసిన అంకె కాదు. కాని పెద్దలలో ఎక్కువ మంది అధిక బరువుతో ఉన్న దేశంలో ఆ ఒక్క శాతమే వేల మందిగా మారుతుంది. ఖతర్ పౌరులలో 2012 నాటి జాతీయ సర్వే ప్రకారం నూటికి డెబ్భై మంది అధిక బరువు గలవారు. నూటికి నలభై మందికి పైగా స్థూలకాయులు.

మరొక సంగతి. ఈ సంబంధం స్త్రీలలో కన్నా పురుషుల్లో బలంగా కనిపిస్తుంది; మొత్తం బరువు కన్నా నడుము చుట్టుకొలతతో ఎక్కువగా ముడిపడి ఉంటుంది. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకొన్న కొవ్వే ఇందులో ప్రధాన పాత్రధారి అనడానికి ఇదొక సూచన.

ఈ మాట మన వారికి మరీ ముఖ్యం. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేసుకొని ఒక చిన్న వ్యాసం రాశారు. ఇద్దరి బీఎమ్ఐ సరిగ్గా 22.3. యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం; యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. తూకపు యంత్రం ఇద్దరినీ సన్ననివారనే అన్నది. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని మన వైద్యసంఘాలు గీతను కిందికి జరపడానికి కారణం ఇటువంటి పరిశీలనలే. "నాది ఇరవై అయిదే కదా" అని ధీమాగా చెప్పే తెలుగు ఐటీ ఉద్యోగుల పొట్ట చుట్టుకొలత కొలిచినప్పుడు నాకు యాజ్ఞిక్ గారి ఫోటోయే గుర్తుకు వస్తుంది.

అక్షరాలు, ముడులు

ఎపిజెనెటిక్స్ అన్న మాటకు తెలుగులో స్థిరపడిన పదం లేదు. బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు కాన్రాడ్ వాడింగ్టన్ 1942లో ఈ మాటను ప్రవేశపెట్టాడు. అప్పటికి జన్యువు డీఎన్ఏతో తయారవుతుందన్న సంగతే తేలలేదు. ఇప్పుడు ఆ మాటకు అర్థం మారింది. డీఎన్ఏలోని అక్షరాలు మారకుండానే, ఏ జన్యువు పని చెయ్యాలి, ఏది మౌనంగా ఉండాలి అన్నది నిర్ణయించే గుర్తులనూ, అవి కణం నుంచి కణానికి సంక్రమించే తీరునూ కలిపి నేడు ఎపిజెనెటిక్స్ అంటున్నాం.

ఒక తాళపత్ర గ్రంథాన్ని ఊహించండి. ఆకుల మీద గంటంతో గీసిన అక్షరాలు డీఎన్ఏ. మన శరీరంలోని కణాలన్నిటిలోనూ దాదాపు ఇదే గ్రంథం ఉంటుంది. కాని కాలేయ కణంలో కొన్ని ఆకులను కదలకుండా దారంతో బిగించి కట్టి ఉంచారు. పేగు కణంలో మరి కొన్నిటిని. కట్టిన ఆకును చదవడం కుదరదు. ఆ ముడులలో ఒక రకం మెథిలేషన్: డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి మెథైల్ అనే చిన్న రసాయన గుంపు అతుక్కోవడం. జన్యువు మొదట్లో ఉండే భాగంలో ఇవి గుంపుగా చేరితే ఆ జన్యువు సాధారణంగా మూతపడుతుంది. రెండవ రకం ముడులు డీఎన్ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద ఉంటాయి. వాటికి ఎసిటైల్ గుంపు తగిలితే దారం వదులై ఆకు తెరుచుకుంటుంది.

అసలు విశేషం నకలు తీయడంలో ఉంది. కణం రెండుగా చీలేముందు అక్షరాలకు నకలు తయారవుతుంది. డీఎన్‌ఎమ్‌టీ1 అనే ఎంజైము పాత పోగు మీద మెథైల్ ముడులెక్కడున్నాయో చూసి, కొత్త పోగు మీద కూడా అక్కడే ముడి వేస్తుంది. నమ్మకమైన లేఖకుడే, కాని పొరపాట్లు చేయని లేఖకుడు కాడు. వయసు పెరిగేకొద్దీ ముడులు లేనిచోట పడతాయి, ఉన్నచోట ఊడిపోతాయి.

పెద్దపేగు క్యాన్సర్‌కూ ఈ ముడులకూ చుట్టరికం పాతది. 1983లో ఆండ్రూ ఫైన్‌బర్గ్, బర్ట్ వోగెల్‌స్టీన్ ఒకే రోగి పెద్దపేగులోని క్యాన్సర్ కణాలనూ పక్కనున్న మామూలు కణాలనూ పోల్చి, క్యాన్సర్ కణాల్లో చాలాచోట్ల మెథిలేషన్ తగ్గిందని చూపించారు. ఆ తరువాత దీనికి వ్యతిరేకమైన దృశ్యం కూడా కనిపించింది: మొత్తం మీద ముడులు సడలినా, కొన్ని కీలకమైన జన్యువుల మొదట్లో మాత్రం బిగుసుకుంటున్నాయి. ఎమ్‌ఎల్‌హెచ్1 అన్న జన్యువు ఇందుకు మంచి ఉదాహరణ. డీఎన్ఏ నకలులో దొర్లిన తప్పులను దిద్దడం దాని పని. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం ఈ దిద్దుబాటు యంత్రాంగం చెడిపోవడం వల్ల పుట్టినవి. ఆ పదిహేనులో కొన్ని వంశపారంపర్యం. ఎక్కువ భాగంలో మాత్రం ఎమ్‌ఎల్‌హెచ్1 అక్షరం ఒక్కటీ చెడలేదు, ఆకును కట్టేశారంతే. ఇలా ఒకేసారి అనేక జన్యువులు మెథిలేషన్‌తో మూతపడే క్యాన్సర్ల వర్గాన్ని 1999లో జాన్-పియర్ ఇస్సా బృందం గుర్తించి సింప్ అని పేరు పెట్టింది. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

పొట్టలోని కొవ్వు పేగుతో ఏం చెబుతుంది?

కొవ్వు కణాన్ని నూనె డబ్బాలా భావించడం మా చదువుల కాలం నాటి అలవాటు. నిజానికి అది ఒక గ్రంథి. పొట్టలో కొవ్వు పెరిగేకొద్దీ అది లెప్టిన్‌ను ఎక్కువగా, అడిపోనెక్టిన్‌ను తక్కువగా విడుదల చేస్తుంది. అందులోకి రోగనిరోధక కణాలు చేరి ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ వంటి సంకేతాలను రక్తంలోకి పంపుతాయి. ఇన్సులిన్‌కు శరీరం స్పందించడం మందగించి, రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్‌కూ దాని చుట్టమైన ఐజీఎఫ్-1కూ పేగు పొరలోని కణాలు స్పందించి విభజన పెంచుతాయి. కొవ్వు ఎక్కువగా తిన్నప్పుడు పిత్తరసం కూడా ఎక్కువగా స్రవిస్తుంది. అందులో కొంత పెద్దపేగు చేరి, అక్కడి బాక్టీరియా చేతిలో పేగు పొరను గాయపరిచే ఆమ్లాలుగా మారుతుంది.

ఐఎల్-6 దారిని కాస్త నిలిచి చూడాలి. ఈ సంకేతం కణం తలుపు తడితే లోపల స్టాట్3 అనే ప్రొటీను మేల్కొని "పెరుగు, చావకు" అన్న ఆజ్ఞను కేంద్రకానికి మోసుకుపోతుంది. ఆ ఆజ్ఞ అతి కాకుండా సాక్స్3 అనే మరొక ప్రొటీను బ్రేకు వేస్తుంది. ఎలుకల పేగు పొరలో సాక్స్3ను తొలగిస్తే, వాపుతో పుట్టే కణితులు పెరుగుతాయని 2007లో చూపించారు. దీర్ఘకాలపు పేగుపూత, అంటే అల్సరేటివ్ కొలైటిస్, నుంచి పుట్టిన క్యాన్సర్లలో ఐఎల్-6 ప్రభావంతో డీఎన్‌ఎమ్‌టీ1 చురుకై సాక్స్3 జన్యువు మొదట్లోనే ముడి వేస్తుందని 2012లో మరొక బృందం చూపించింది. ఇక్కడ వాపు తన బ్రేకును తానే కట్టేసింది. స్థూలకాయంలోనూ సన్నని సెగ మీద ఇటువంటి వాపే ఏళ్ళ తరబడి సాగుతుంది కనుక, అదే జరుగుతుండవచ్చు అన్నది ఒక ఊహ. మంచి ఊహే, కాని ఇప్పటికి ఊహే.

పీచుపదార్థాల కథ దీనికి మరో వైపు. మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగు బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ అనే చిన్న ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పేగు కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం. పైగా అది హిస్టోన్ల మీది ఎసిటైల్ గుంపులను తీసివేసే ఎంజైములను అడ్డుకుంటుంది. అంటే నేరుగా ముడుల మీద పనిచేస్తుంది. 2015లో స్టీఫెన్ ఓకీఫ్ బృందం ఇరవై మంది ఆఫ్రికన్ అమెరికన్లకూ, ఇరవై మంది గ్రామీణ దక్షిణాఫ్రికా వాసులకూ రెండు వారాల పాటు ఒకరి తిండి మరొకరికి పెట్టింది. పీచు ఎక్కువ, కొవ్వు తక్కువగల ఆఫ్రికా గ్రామీణ తిండి తిన్న అమెరికన్లలో బ్యుటిరేట్ పెరిగింది, పేగు పొరలో వాపు, కణాల విభజన తగ్గాయి. అమెరికా తిండి తిన్న ఆఫ్రికన్లలో సరిగ్గా తలకిందులుగా జరిగింది. రెండే రెండు వారాలు! జొన్నరొట్టె, పచ్చిపులుసు, పప్పుకూరల మీద పెరిగి, ఇక్కడ తెల్లటి ఖుబ్జ్, మచ్బూస్, రోజుకు నాలుగు కప్పుల కరక్ టీ మీద పదేళ్ళు గడిపినవారి పేగులలో ఏమి జరిగి ఉంటుందో ఎవరూ కొలవలేదు.

ఎలుకలకు గుర్తున్నది

అమెరికా జాతీయ పర్యావరణ ఆరోగ్య విజ్ఞాన సంస్థలో పాల్ వేడ్ బృందం ఈ ప్రశ్నను రెండు దఫాలుగా పట్టుకొన్నది. ఆ రెండు పరిశోధనలూ నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చినవి. ప్రశ్న సూటిగా వేశారు.

మొదటిది 2014లో. కొవ్వు ఎక్కువున్న తిండి పెడితే ఎలుకలు లావెక్కుతాయి. వాటి పెద్దపేగు పొరలో హిస్టోన్ ఎసిటైల్ గుర్తులు మారతాయి. ఎక్కడ మారాయని చూస్తే, జన్యువులను దూరం నుంచి ఎగదోసే భాగాల్లో, పెద్దపేగు క్యాన్సర్‌లో కనిపించే మార్పులను పోలిన తీరులో మారాయి. క్యాన్సర్ ఇంకా లేదు, కాని దాని చేతిరాత కనిపించింది. అయితే దీనికి దోషి తిండా, లావా? దీన్ని తేల్చడానికి ఒక మానవ జన్యువును చేర్చిన ఎలుకలను వాడారు. అవి అదే కొవ్వు తిండి తిన్నా లావెక్కవు. వాటి పేగుల్లో ఆ మార్పులు కనిపించలేదు. అంటే, ఎలుకల మట్టుకు, తిన్న కొవ్వు కన్నా పేరుకున్న కొవ్వే ముడులను మార్చింది.

రెండవది 2018లో. ఈసారి చిన్న వయసు ఎలుకలనూ ముసలి ఎలుకలనూ విడివిడిగా చూశారు. చిన్నవయసులో లావెక్కిన ఎలుకల పేగు కణాలు పొడుగు గొలుసుల కొవ్వును ఇంధనంగా కాల్చడానికి అలవాటు పడ్డాయి. ముసలితనంలో విభజన సంకేతాలకు బ్రేకు వేసే జన్యువులు మందగించాయి. ఆశ్చర్యం ఏమంటే, ఆ ముసలితనపు లక్షణానికి కావలసిన మెథిలేషన్ మార్పులు చిన్నవయసులోనే పడి ఉన్నాయి. తరువాత ఎలుకల బరువు తగ్గించారు. కొద్దికాలం సన్నగా ఉన్నవాటిలో మార్పులు చాలా భాగం అలాగే నిలిచాయి. ఎక్కువ కాలం సన్నగా ఉంచితే చాలా భాగం చెరిగిపోయాయి.

మా ఇంజనీరు గారి ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా దగ్గరి జవాబు ఈ రెండు వాక్యాలే.

ఇక్కడ చదువరికి ఒక సందేహం రావాలి. పేగు పొర కణాలు నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి కదా, రాలిపోయే కణానికి జ్ఞాపకం ఏమిటి? చెరువులో నీరు ఏటా మారుతుంది, తూము మారదు. పేగు పొరలో సూక్ష్మమైన గుంటలుంటాయి. ఒక్కొక్క గుంట అడుగున కొన్ని మూలకణాలు ఏళ్ళ తరబడి ఉండి పై కణాలను పుట్టిస్తాయి. ముడి అక్కడ పడితే పైకి వచ్చే ప్రతి తరానికీ నకలు అందుతుంది. 2016లో సెమిర్ బెయాజ్ తదితరులు కొవ్వు తిండి ఎలుకల పేగులలో మూలకణాల సంఖ్యను పెంచుతుందనీ, వాటి నుంచి పుట్టిన సాధారణ కణాలు కూడా మూలకణాల వలె ప్రవర్తించి కణితి పెట్టగల స్థితికి వస్తాయనీ చూపించారు.

మనుషుల పేగు మీద నేరుగా జరిగిన పని దీనితో పోలిస్తే తక్కువ. కాని కొవ్వు కణజాలంలో జ్ఞాపకం ఉన్నదని 2024లో జూరిక్ పరిశోధకులు నేచర్ పత్రికలో ప్రచురించారు. పొట్ట శస్త్రచికిత్స చేయించుకొని బాగా బరువు తగ్గిన రెండేళ్ళ తరువాత కూడా ఆ మనుషుల కొవ్వు కణాల జన్యువులు కొంతవరకు పాత లావునాటి పద్ధతిలోనే పనిచేస్తున్నాయి. ఎలుకల కొవ్వు కణాల్లోనైతే ఆ పద్ధతిని నిలిపి ఉంచిన ఎపిజెనెటిక్ ముడులు కూడా కనబడ్డాయి.

దోహాలో నూట ఇరవై ముగ్గురు

ఇప్పుడు ఖతర్‌కు వద్దాం. దోహా ఎడ్యుకేషన్ సిటీలోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలకు చెందిన పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఖతర్‌లోని పదిహేను కుటుంబాల నుంచి మూడు, నాలుగు తరాలకు చెందిన 123 మంది రక్తం తీసుకొని మెథిలేషన్ కొలిచారు. అరబ్బు జనాభాలో బీఎమ్ఐతోనూ మధుమేహంతోనూ మెథిలేషన్ సంబంధాన్ని డీఎన్ఏ అంతటా వెతికిన మొదటి ప్రయత్నం అది. యూరపు జనాభాలో అంతకుముందు గుర్తించిన 47 సంబంధాలు ఇక్కడ నిలుస్తాయా అన్నది వారి ప్రశ్నలలో ఒకటి. బీఎమ్ఐకి సంబంధించి ఏడు నిలిచాయి, మధుమేహానికి సంబంధించి ఒకటి. ఇంగ్లండులోని 810 మంది కవలలలోనూ అవి సరిపోయాయి.

ఆ ఏడింటిలో ముందు వరుసలో ఉన్నది ఏది? సాక్స్3. మరొకటి సీపీటీ1ఏ, పొడుగు గొలుసుల కొవ్వును కణం కాల్చుకోవడానికి తలుపు తెరిచే ఎంజైము అది. పైన చెప్పిన ఎలుకల పేగు కథలోని పాత్రలే దోహా కుటుంబాల రక్తంలోనూ కనిపించినట్టయింది. 2015లో లండన్‌లో వేలాది భారతీయ సంతతివారి మీద జరిగిన అధ్యయనంలో కూడా రాబోయే మధుమేహాన్ని సూచించిన అయిదు చోట్లలో సాక్స్3 ఒకటి. అరబ్బులు, ఆంగ్లేయులు, మన వారు: తిండి వేరు, ఎండ వేరు, పూర్వీకులు వేరు, ముడి పడినచోటు ఒకటే.

ఇంత చక్కగా అమరిన కథను చూసినప్పుడే జాగ్రత్త పడాలి. మొదటి చిక్కు: ఇవి రక్తకణాలు, పేగు కణాలు కావు. స్థూలకాయుల రక్తంలో సాక్స్3 దగ్గర మెథిలేషన్ తగ్గుతుంది. కొలైటిస్ నుంచి పుట్టిన పేగు క్యాన్సర్‌లో అదే జన్యువు దగ్గర పెరుగుతుంది. బహుశా రక్తకణం వాపును తట్టుకోవడానికి బ్రేకును మరింత నొక్కుతున్నది, పేగులోని క్యాన్సర్ కణం ఆ బ్రేకును ఊడదీసింది. ఒకే జన్యువు, ఎదురెదురు దిశలు. రక్తం చూసి పేగు సంగతి చెప్పగలమనేవారు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర ఆగి ఆలోచించాలి. రెండవ చిక్కు: ఆ పరిశోధనకు వాడిన చిప్ నాలుగు లక్షల యాభై వేలకు పైగా చోట్లను కొలుస్తుంది; మెథైల్ పడగల చోట్లు మన డీఎన్ఏలో సుమారు రెండు కోట్ల ఎనభై లక్షలు. మూడవది అన్నిటికన్నా పెద్దది. లావు వల్ల ముడి పడిందా, ముడి వల్ల లావెక్కారా? 2017లో నేచర్‌లో వచ్చిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం బీఎమ్ఐతో ముడిపడ్డ 187 చోట్లను గుర్తించి, జన్యు తేడాల సాయంతో ఈ ప్రశ్నను విడదీసింది. జవాబు: చాలావరకు లావు ముందు, ముడి తరువాత.

ఇది కొందరికి నిరాశ కలిగించింది. నాకు మాత్రం ఊరట. కారణం కాకపోయినా ముడి ఒక పాదముద్ర. పైగా లావు తగ్గితే ముడి విడే అవకాశం ఉన్నదని కూడా అది సూచిస్తున్నది.

ఈ లోపల బజారు ముందే పరుగెత్తింది. లాలాజలం పంపితే మీ "ఎపిజెనెటిక్ వయసు" చెబుతామనీ, ఫలానా గుళికలు మెథిలేషన్‌ను సరిచేస్తాయనీ ప్రకటనలు నా రోగుల ఫోన్లలోనే చూశాను. ఏ ముడిని, ఏ కణంలో, ఎటువైపు సరిచేస్తారని అడిగితే వారి దగ్గర జవాబు ఉండదు. మెథిలేషన్ కొలత నిజంగా పనికివచ్చిన చోటు వేరే ఉంది. పేగులో పుట్టిన కణితులు కణాలను మలంలోకి రాలుస్తాయి. వాటిలో ఎన్‌డీఆర్‌జీ4, బీఎమ్‌పీ3 అనే జన్యువుల మెథిలేషన్‌నూ, మరికొన్ని గుర్తులనూ, రక్తపు జాడనూ కలిపి చూసే పరీక్షను అమెరికా ప్రభుత్వం 2014లో ఆమోదించింది. ముడి ఎందుకు పడిందన్న చర్చ తేలకుండానే, పడిన ముడి దొంగను పట్టించింది.

ఆకలి కూడా రాస్తుంది

1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం దిగ్బంధంలో పశ్చిమ హాలండ్ నగరాలు ఆకలితో మాడిపోయాయి. రేషను మనిషికి రోజుకు వెయ్యి కెలోరీలకు లోపే. ఆ కాలంలో కౌమారంలోనో తొలి యవ్వనంలోనో ఉన్నవారిని దశాబ్దాల తరువాత గమనించిన డచ్ పరిశోధకులు 2009లో ఒక విచిత్రం చెప్పారు: ఆ కరువు అనుభవించినవారిలో సింప్ రకం పెద్దపేగు క్యాన్సర్లు తక్కువ. అరవై ఏళ్ళకు రాబోయే కణితి ఏ రకమో, పదిహేనేళ్ళప్పుడు తిన్న తిండి కొంత ప్రభావితం చేసిందన్నమాట. దీని అర్థం ఆకలి మంచిదని కాదు. అదే కరువులో తల్లి కడుపున ఉన్నవారిలో ఐజీఎఫ్2 జన్యువు మెథిలేషన్ అరవై ఏళ్ళ తరువాత కూడా తేడాగానే ఉన్నదని, కడుపులో కరువు చూసినవారికి మధుమేహపు ముప్పు ఎక్కువని అదే దేశం నుంచి వచ్చిన ఇతర పరిశోధనలు చెబుతున్నాయి. ఏ వయసులో అన్నదే ప్రశ్న.

తెలుగునాట ఇటువంటి ప్రశ్నకు జవాబు చెప్పగల ఊళ్ళు ఉన్నాయి. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాలను తీసుకొని, 15 గ్రామాల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందేట్టు చూసింది. మిగిలిన 14 గ్రామాలకు ఆ పథకం ఇంకా చేరలేదు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక పరీక్షిస్తే, అదనపు ఆహారం అందిన ఊళ్ళవారిలో ఇన్సులిన్‌కు స్పందన, రక్తనాళాల మెత్తదనం కొంత మెరుగ్గా ఉన్నాయని 2008లో ప్రచురించారు. ఆనాటి పిల్లలకు ఇప్పుడు ముప్పై అయిదేళ్ళు దాటాయి. కడుపులో కరువు, యవ్వనంలో వలస, నడివయసులో పొట్ట: ఈ మూడు మజిలీలూ ఒకే జీవితంలో చూసిన తరం ఇది. వారిలో కొందరు ఈ పాటికి దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో డ్రైవర్లుగానో, సెక్యూరిటీ గార్డులుగానో, పన్నెండు గంటల డ్యూటీ తరువాత రాత్రి పదకొండింటికి అన్నం తింటూ ఉండి ఉంటారు. వేసవి అయిదు నెలలూ బయట నడవడం సాధ్యం కాదు. వారి పేగులు పరీక్షకు రావలసిన వయసు దగ్గరపడుతోంది.

ఇక్కడ ఒక ఆచరణాత్మకమైన సంగతి చెప్పాలి. ఖతర్ ప్రాథమిక ఆరోగ్య సంస్థ 2016లో మొదలుపెట్టిన స్క్రీన్ ఫర్ లైఫ్ కార్యక్రమం 50 నుంచి 74 ఏళ్ళవారికి మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్షను ఉద్దేశించింది. భారతదేశపు జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలున్నాయి, పెద్దపేగుకు లేదు. యాభై ఏళ్ళకు ఉద్యోగం ముగించుకొని ఊరికి వెళ్ళిపోయేవారు రెండింటి మధ్య జారిపోతారు. అమెరికాలో 2021 నుంచి ఈ పరీక్షలు 45 ఏళ్ళకే మొదలుపెట్టమంటున్నారు; చిన్న వయసులో ఈ క్యాన్సర్ పెరుగుతుండడమే కారణం. అక్కడి నర్సుల మీద జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, యాభై లోపు వచ్చిన పెద్దపేగు క్యాన్సర్ స్థూలకాయులలో దాదాపు రెట్టింపు.

ఆ బుధవారానికి తిరిగి వెళ్తాను. బరువు తగ్గినందుకు ఇంజనీరు గారిని మెచ్చుకొని, దానిని నాలుగైదేళ్ళు నిలబెట్టుకోవడం ముఖ్యమని చెబుతూ, అలవాటు కొద్దీ ఒక ప్రశ్న వేశాను: మలంలో ఎప్పుడైనా రక్తం పడిందా?

"అప్పుడప్పుడు పడ్తది సార్. మొలలు. వేడి చేస్తది గదా ఈ దేశంల."

ఎన్నాళ్ళుగా అంటే, రెండేళ్ళు. మన వాళ్ళలో ఈ జవాబు విననివారం నాకు గుర్తులేదు. నలభై దాటిన మనిషికి రక్తం పడుతుంటే అది మొలలేనని చెప్పే హక్కు పేగులోపల చూసినవారికే ఉంది. ఇటువంటి చోట ఫిట్ పరీక్షతో సరిపెట్టకూడదు. కొలనోస్కోపీకి పంపాను. ఆయన ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. పరీక్షకన్నా ముందురోజు తాగే విరేచనాల మందుకే ఎక్కువ భయపడ్డాడు.

రక్తం నిజంగానే మొలలది. కాని పెద్దపేగు కుడివైపున, మొలలతో ఏ సంబంధమూ లేనిచోట, పన్నెండు మిల్లీమీటర్ల చదునైన సెరేటెడ్ పాలిప్ ఒకటి ఉంది. రక్తం కారని రకం. ఫిట్ పరీక్ష చాలాసార్లు వీటిని దాటేస్తుంది. సింప్ క్యాన్సర్లు ప్రధానంగా ఈ దారినే వస్తాయి. ఇటువంటి పాలిప్‌లు పొగతాగేవారిలోనూ స్థూలకాయులలోనూ ఎక్కువని చాలా అధ్యయనాలు చూపించాయి. ఎండోస్కోపీ వైద్యుడు దానిని అక్కడికక్కడే పూర్తిగా తీసివేశాడు. క్యాన్సర్ లేదు.

రిపోర్టు పట్టుకొని వచ్చినప్పుడు, అది లావు వల్ల పుట్టిందా అని అడిగాడు. తొంభై నాలుగు కిలోల నాటి ముడి ఏదైనా ఆ గుంట అడుగున మిగిలి దానిని పుట్టించిందో, కాలేజీ రోజుల్లో ఏడెనిమిదేళ్ళు తాగిన సిగరెట్లో, వయసో, ఒక్క పాలిప్‌ను చూసి ఎవరూ చెప్పలేరని చెప్పాను. మూడేళ్ళకు మళ్ళీ కొలనోస్కోపీ అని రాసి ఇచ్చాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొని, లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"మా తమ్ముడు ఊళ్ళనే ఉంటడు సార్. నలభై మూడేండ్లు. నాకన్న లావు. వానికి గూడ చేయించాల్నా?"

చేయించాలి, తోబుట్టువుకు ఇంత పాలిప్ ఉన్నప్పుడు నలభై నుంచే చూపించుకోవాలి అన్నాను. కరీంనగర్‌లో ఎవరి దగ్గరికి పంపాలో ఇద్దరం కలిసి ఫోన్‌లో వెతికాం.